పెరటి పిట్టలకు కెనాన్ ఆర్ఎఫ్ 100-400: స్టాండు లేకుండా తీసేవాళ్ల కోసం

100 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే ఈ లెన్సు గురించి ముందుగా చెప్పాల్సింది బరువు. 635 గ్రాములు. నేను వాడే కెనాన్ ఆర్10 కెమెరా బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 429 గ్రాములు. రెండూ కలిపినా కిలో మీద కొంచెమే. ఇదివరకు నా దగ్గర వేరే కంపెనీ 150-600 ఉండేది, లెన్సు ఒక్కటే రెండు కిలోలకు దగ్గర. దాంతో చెరువు గట్టు మీద కొంగల్ని బాగానే తీశాను. పెరట్లో పని వేరు. తేనెపిట్ట మందారం మీద వాలాక కెమెరా ఎత్తితే అయిపోయినట్టే, ఆ చెయ్యి కదలిక చూసి ఎగిరిపోతుంది. అది రాకముందే కెమెరా కంటికి ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమిపెట్టి, ఎడమ అరచెయ్యి లెన్సు కింద పెట్టి నిలబడాలి. రెండు కిలోలతో అలా ఎంతసేపు నిలబడతాం? దీంతో మాత్రం పిట్ట ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చేదాకా దించకుండా ఉండగలుగుతున్నాను. నా లెక్కలో ఈ లెన్సుకు సగం మార్కులు ఇక్కడే.

మిగతా సగం దగ్గర ఫోకస్‌కి. జూమ్ 200 దగ్గర 88 సెంటీమీటర్ల నుంచి, 400 దగ్గర మీటరు పైచిలుకు నుంచి ఫోకస్ పడుతుంది. పిట్ట మూడు మీటర్ల లోపు వస్తే పాత లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండేది. మా వంటింటి గుమ్మం నుంచి మందార చెట్టు అంతకంటే దగ్గరే. ఊదా తేనెపిట్ట పొడవు పది సెంటీమీటర్లు. రెండున్నర మీటర్ల నుంచి తీస్తే ఫ్రేములో సగానికి పైగా అదే ఉంటుంది, తర్వాత కత్తిరించాల్సిన అవసరమే రాదు.

ఈ పిట్టను తీసేవాళ్లకు ఒక మాట. మందారం దగ్గర అది పువ్వు నోటి వైపు నుంచి తక్కువగా వస్తుంది. పక్క నుంచి వచ్చి తొడిమ దగ్గర ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. అందుకే ఫోకస్ బిందువు రేకుల మీద కాకుండా తొడిమ మీద పెట్టి ఆగండి. మగపిట్ట నీడలో కాకిలా నల్లగానే కనిపిస్తుంది. ఎండ మన వీపు వైపు నుంచి పడుతూ, అది మెడ కాస్త తిప్పితే చాలు, గొంతు మీద నీలం, ఊదా ఒక్కసారిగా భగ్గుమంటాయి. ఆ మెరుపు ఈకల్లోని సన్నటి నిర్మాణం వెలుగును విరిచి పంపడం వల్ల వచ్చేది కాబట్టి కోణం మారగానే పోతుంది. ఆర్10 మెకానికల్ షట్టర్‌తో సెకనుకు 15 ఫ్రేములు తీస్తుంది. నేను వాటన్నిటినీ ఆ మెడ తిప్పే క్షణం కోసమే దాచుకుంటాను.

ఇక అందరూ పెదవి విరిచే సంగతి: 400 దగ్గర అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎంత తెరిచినా ఎఫ్/8 వరకే. అంత చిన్న అపర్చర్‌తో పిట్టలేంటి అని అడుగుతారు. మూడు మీటర్ల దూరంలో 400 దగ్గర ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం రెండు సెంటీమీటర్లకు లోపే. కన్ను పదునుగా ఉంటే తోక అప్పటికే మసక. పెద్ద అపర్చర్ ఉన్నా ఇంత దగ్గర్లో నేను దాన్ని మూయాల్సిందే. వెనక గోడ కాస్త దూరంగా ఉంటే నేపథ్యం చక్కగా కరిగిపోతుంది కూడా.

ఎఫ్/8 అసలు దెబ్బ కొట్టేది వెలుతురు దగ్గర. ఎండలో షట్టర్ 1/2000 సెకను పెట్టినా ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచుకునే సెట్టింగు) వెయ్యి దాటదు. మామిడిచెట్టు కింద ముసురు పట్టిన పొద్దున 1/500కే 6400 అడుగుతుంది, అక్కడ ఈకల గీతలు పోయి పేస్టులా అవుతాయి. ఐదున్నర స్టాపుల (ఒక్కో స్టాపుకు షట్టర్ సమయం రెట్టింపు) స్టెబిలైజేషన్ ఉందిగా అని షట్టర్ తగ్గించకండి. అది ఆపేది మన చేతి వణుకునే. పిగిలిపిట్ట తల క్షణం కూడా నిలకడగా ఉండదు, కూర్చున్న పిట్టకైనా నేను 1/500 కిందకి దిగను. వర్షాకాలంలో ఈ లెన్సుతో తీసినవి తక్కువ, ఉంచుకున్నవి ఇంకా తక్కువ.

ఫోకస్ మోటారు చప్పుడు లేదు, వేగం బాగుంది. పిట్ట కన్నును కెమెరా తనే పట్టుకుంటుంది, కానీ కుట్టుపిట్ట గుబురులో దూరినప్పుడు ముందున్న ఆకుకు అతుక్కుంటుంది. అప్పుడు ఒకే బిందువుకు మార్చుకోవాలి. తుంపర్లు, దుమ్ము ఆపే సీలింగ్ లేదు, పైగా జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది. తడి చేత్తో ముట్టుకోను. మా గోదావరి జిల్లాల తేమకు లెన్సులో బూజు పట్టడం మామూలే, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెడుతున్నాను. హుడ్, అంటే లెన్సు ముందు ఎండ పడకుండా తగిలించే గొట్టం, పెట్టెలో రాదు, విడిగా కొనాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో అది లేకపోతే కాంట్రాస్ట్ పడిపోతుంది కాబట్టి లెన్సుతో పాటే తీసుకోండి.

దగ్గర నుంచి తీయగలదు కదా అని గూటి దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. తేనెపిట్టల్లో గూడు కట్టేది ఆడదే. సాలీడు దారాలతో, ఎండు గడ్డితో అంత కష్టపడి వేలాడదీసుకున్న దాని ముందు మనం నిలబడితే వదిలేసి పోవచ్చు. అలాంటి ఫొటో ఎంత బాగున్నా నాకు వద్దు.

కెనాన్ ఖరీదైన ఎల్ సిరీస్‌లోని 100-500 దీనికంటే చాలా విషయాల్లో పైచేయే, సీలింగుతో సహా. కానీ బరువు రెట్టింపుకు మించి, ధర కూడా చాలా ఎక్కువ. మీ పిట్టలు నాలుగైదు మీటర్ల లోపు వచ్చేవైతే, పొద్దున ఎండ పడే పెరడు లేదా బాల్కనీ ఉంటే ఇదే కొనండి. వీధి చివర కరెంటు తీగ మీది పాలపిట్టే మీకు కావాలంటే 400 చాలదు, 600 వైపు చూడండి. ఏది కొన్నా షాపులో మీ బాడీకి తగిలించి, కంటికి ఆనించి, ఐదు నిమిషాలు దించకుండా పట్టుకుని చూశాకే డబ్బు కట్టండి.