దొంగ వీలునామానా, దత్తత తగాదానా?

1890ల గోదావరి జిల్లాలో ఆస్తి తగాదా మీద మిస్టరీ నవల అనగానే రచయితల చెయ్యి వీలునామా మీదకే పోతుంది. చిక్కంతా అక్కడే. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో పిత్రార్జితంలోని తన వాటాను వీలునామాతో రాసివ్వడం చెల్లేది కాదు. పోయినవాడి వాటా మిగతా భాగస్థులకు చేరేది. కాబట్టి ఆస్తి స్వార్జితమని కథలో ముందే నాటాలి. పైగా మద్రాసు నగరం బయట హిందువుల వీలునామాకు 1927 దాకా సాక్షి సంతకాలే అక్కర్లేదు, స్టాంపు కాగితమూ వద్దు. ‘సాక్షి సంతకం లేదు, చెల్లదు’ అనే కోర్టు సీను అక్కడే కూలిపోతుంది. మిగిలేది చేవ్రాలు, సిరా, తేదీ.

దత్తతలో సరుకెక్కువ. బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరగాలి. పురోహితుడి నుంచి వంటవాడి దాకా అందరూ సాక్షులే, అందరినీ కొనొచ్చు. అప్పట్లో వితంతువు దత్తత చేసుకోవాలంటే భర్త అనుమతో, సపిండుల (భర్త వైపు దగ్గరి జ్ఞాతుల) సమ్మతో ఉండాలి. 1872 తర్వాత రాసిన అనుమతి పత్రం రిజిస్టరు కావాలి, అదే అనుమతి వీలునామాలో ఉంటే అక్కర్లేదు. దొంగ వీలునామా పుట్టించడానికి ఇంతకన్నా మంచి కారణమేముంది? దత్తుడి హక్కు అప్పట్లో దత్తత తండ్రి పోయిన రోజు నుంచే లెక్క గనక, ఆస్తి అనుభవిస్తున్న దాయాదికి హత్య చేసేంత అవసరమూ పుడుతుంది.

నా ఓటు దత్తతకే. కథను 1937 దాటిస్తే మాత్రం వితంతువుకు భర్త ఆస్తిలో పరిమిత హక్కు వచ్చేసింది. లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి.