ఎడమచేత్తో మీటడానికి ఈ వయొలిన్ పనికొస్తుందా? ఆరేళ్లు వాడాక నా మాట

ఈ వయొలిన్ కొని ఆరేళ్లు దాటింది. అందులో మొదటి మూడేళ్లూ, ఎడమచేత్తో మీటితే తంత్రి మోగకపోవడం చూసి, నా చిటికెన వేలికి బలం లేదనుకుంటూనే గడిపాను. నిజానికి వేలిలో ఏ లోపమూ లేదు. లోపమంతా బిరడాల పెట్టె దగ్గర, తంత్రులు నాలుగూ ఆనుకుని కిందికి దిగే సన్నని నల్లచెక్క పట్టీలో ఉంది. దాన్ని నట్ అంటారు. తయారుచేసినవాళ్లు దాన్ని ఉండాల్సిన దానికంటే అరమిల్లీమీటరు ఎత్తుగా వదిలేశారు. ఆ అరమిల్లీమీటరు మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

చెక్క ఏమిటి, పెట్టెతో పాటు ఏమేం ఇస్తారు అన్నవి అందరికీ తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను. చైనాలో తయారైన స్టూడెంట్ వయొలిన్, విశాఖలో 14,000 రూపాయలకు కొన్నాను. అంతకు ముందున్నది మా మాస్టారు ఇచ్చిన పాత వయొలిన్. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి బరంపురంలో మా ఇంటి రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే వయొలిన్ పెట్టెలో నీళ్లు. వయొలిన్ అతుకులకు వాడే జిగురు తడిస్తే కరిగిపోతుంది. పైపలక, పక్క చెక్కలు వేటికవి విడిపోయి చేతికొచ్చాయి. ఐదేళ్ల తర్వాత ఇది కొన్నప్పుడు సంబరంలో లోపాలు వెతికే బుద్ధి కూడా పుట్టలేదు.

మాస్టారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్ అయిన కళాశాల అది. బరంపురం కోర్టుపేటలో చిన్న గదిలో చాప పరిచి మాకు పాఠం చెప్పేవారు. వాయిస్తూ వాయిస్తూ శృతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, కమాను ఆపకుండానే, ఎడమచేతి వేలితో ఖాళీ తంత్రిని, అంటే వేలు నొక్కని తంత్రిని, ఒకసారి టుంగుమనిపించేవారు. తొమ్మిదేళ్ల వయసులో నాకు వయొలిన్‌లో అన్నిటికంటే నచ్చింది ఆ టుంగే. ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో మీటడం ఎలా కుదురుతుందా అని గంటలకొద్దీ చూసేదాన్ని.

పాశ్చాత్య వయొలిన్‌లో ఆ టుంగు ఒక పూర్తి విద్య అని పెద్దయ్యాక తెలిసింది. స్వరలిపిలో స్వరం మీద కూడిక గుర్తు కనిపిస్తే దాన్ని ఎడమచేత్తో మీటాలని అర్థం. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీనీ ఒంటి వయొలిన్ కోసం రాసి, 1820లో అచ్చయిన 24 కప్రీసుల్లో చివరిదానిలో తొమ్మిదో వేరియేషన్ (అదే వరుసను మార్చి వాయించే భాగం) నిండా ఈ గుర్తులే. స్పెయిన్ వయొలిన్ విద్వాంసుడు సరసాతే 1878లో రాసిన జిగోయ్‌నర్‌వైజెన్‌లో వేగంగా సాగే చివరి భాగంలోనూ ఉంటాయి. ఆ రెండు చోట్లా సంగీతం ఎ మైనర్‌లోనే సాగుతుంది. వయొలిన్ నాలుగు తంత్రులు లావు నుంచి సన్నానికి జి, డి, ఎ, ఇ. వాటిలో ఎ, ఇ ఖాళీగా మోగుతూ పనికొచ్చే శృతి అది, వేళ్లకు ఆ మాత్రం ఆసరా దొరుకుతుంది. ఫోన్‌లో పాఠాలు చూస్తూ నేను మొదలుపెట్టింది ఆ తొమ్మిదో వేరియేషన్ కోసమే.

పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. ఇ తంత్రి మీద నాలుగు వేళ్లూ వరుసగా పెట్టాలి. కమాను మొదటి స్వరాన్ని ఇలా తాకి అలా లేచిపోవాలి, లేకపోతే కమాను వెంట్రుకలు తంత్రిని తొక్కి నాదాన్ని చంపేస్తాయి. తర్వాత చిటికెన వేలు ఊరికే పైకి లేవకూడదు. అరచేతి వైపు తంత్రిని గీరుకుంటూ రావాలి. అప్పుడు ఉంగరపు వేలు పట్టుకున్న స్వరం మోగుతుంది. అలా ఒక్కో వేలూ వెళ్తూ వెళ్తూ కిందివేలి స్వరాన్ని మోగించిపోతుంది. ఇ తంత్రికి ఆ పక్కన వేరే తంత్రి లేదు కాబట్టి వేలికి దారి ఉంటుంది. ఎ, డి, జి తంత్రుల మీద అయితే లాగిన వేలు పక్క తంత్రికి తగిలి చప్పుడు చేస్తుంది. మోచేతిని లోపలికి తిప్పి, వేలిని ఇంకాస్త నిలువుగా నిలబెట్టాలి.

ఇక్కడే నా అసలు కథ.

ఖాళీ తంత్రి మీటితే చక్కగా మోగేది. మొదటి వేలితో నొక్కి చిటికెన వేలితో మీటితే మాత్రం "టప్" మని ఒక చప్పుడు, అంతే. తడి అట్టను తట్టినట్టు. జి తంత్రి మీద మరీ ఘోరం. చూపుడు వేలి కొస మీద తంత్రి గీత ఎర్రగా లోతుగా పడేది, పది నిమిషాలకే కణుపు సలిపేది. వీడియో పాఠాల్లో అందరూ ఒకే మాట: కొన్నాళ్లకు వేళ్లకు బలం వస్తుంది, ఓపిక పట్టండి. పట్టాను. మెత్తని రబ్బరు బంతి కొని బస్సులో ఆఫీసుకు వెళ్తూ పిసికాను. రాత్రి అన్నం తిన్నాక అరగంట ఆ ఒక్క సాధనే. రెండేళ్లయినా "టప్" పోలేదు. నాకు ఈ వయసులో ఇక రాదేమో అని మా అమ్మతో ఒకరోజు అనేశాను కూడా.

మన సంగీతం వాయించేటప్పుడు ఈ తేడా నాకు ఎందుకు తెలియలేదో తర్వాత అర్థమైంది. స-ప-స-పలకు, అదీ నా గొంతుకు తగ్గట్టు దించిన శృతికి, తంత్రులు వదులుగా ఉంటాయి. అంత వదులు తంత్రిని ఎంత ఎత్తు నుంచైనా వేలు సులువుగా అదిమేస్తుంది. అదే వయొలిన్‌ను జి-డి-ఎ-ఇకి బిగించగానే నట్ ఎత్తు వేలిమీద పడింది.

కనిపెట్టడం మాత్రం అనుకోకుండా జరిగింది. మా వీధిలో ఒడిస్సీ నాట్యం నేర్పే గురువుగారి క్లాసుకు శని, ఆదివారాల్లో వయొలిన్ వాయించడానికి వెళ్తాను. ఒడిస్సీకి మర్దల (మద్దెల లాంటిది), వేణువుతో పాటు వయొలిన్ కూడా ఉండాలి కదా. ఒకరోజు పిల్లలు గజ్జెలు కట్టుకుంటుంటే ఊరికే చేతిని నట్‌కు దూరంగా పైకి జరిపి, మూడో పొజిషన్ అనే చోట అదే వరుస మీటాను. అన్ని స్వరాలూ మోగాయి! అదే చెయ్యి, అవే వేళ్లు. పైన వేళ్ల మధ్య దూరం తగ్గుతుంది, అందుకేమో అనుకున్నాను. మళ్లీ కిందికి వచ్చి, ఈసారి మొదటి వేలిమీద కుడిచేతి బొటనవేలు కూడా పెట్టి గట్టిగా అదిమి, చిటికెన వేలితో మీటాను. ఖంగుమంది. అంటే మీటే వేలిలో దోషం లేదు. కింది స్థానంలో తంత్రి పూర్తిగా చెక్కకు ఆనడం లేదు. పైన ఆనుతోంది, కింద ఆనడం లేదంటే తప్పు నట్ దగ్గరే ఉండాలి. ఆ మధ్యాహ్నం గజ్జెల చప్పుడులో కూర్చుని ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

బడాబజారు సందులో హార్మోనియంలు, మర్దలలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరికీ ఆయన మౌసా, అంటే ఒడియాలో బాబాయ్. మనతో మాట్లాడేటప్పుడు ఒడియాలోకి తెలుగు కలుపుతారు. వయొలిన్ ఆయన ముందు పెట్టి "మౌసా, దీని నట్ ఎత్తుగా ఉందేమో చూస్తారా" అన్నాను. ఆయన జేబులోంచి విజిటింగ్ కార్డులు తీసి, నట్ పక్కనే ఇ తంత్రి కింద ఒకటి దూర్చారు. వదులుగా వెళ్లిపోయింది. రెండోది, మూడోది. మూడూ దూరాయి. "ఇక్కడ ఒక్క కార్డు పట్టాలమ్మా. ఇన్నాళ్లూ దీని మీద వాయించావా?" అని నా ఎడమచేతి వేళ్లు తిప్పి చూశారు.

తర్వాతి గంటన్నర ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. తంత్రులన్నీ ఒక్కసారి విప్పలేదు, లోపల నిలబడి ఉండే చిన్న కర్ర పడిపోతుందని ఒక్కొక్కటే వదులు చేసి పక్కకు జరిపారు. పెన్సిల్‌ను నిలువునా రెండుగా చీల్చి, ఆ చదును వైపు ఫింగర్ బోర్డు (వేళ్లు నొక్కే నల్లచెక్క పలక) మీద ఆనించి, నట్ మీద అడ్డంగా ఒక గీత గీశారు. గీత పైన ఎంత చెక్క మిగిలిందో అప్పుడు కళ్లారా చూశాను. సూదంత సన్నని ఆకురాయితో ఒక్కో గాడిని గీత దాకా దించారు. నాలుగు రుద్దులు, ఒక ఊదు, తంత్రి పెట్టి చూడటం, మళ్లీ నాలుగు రుద్దులు. తంత్రి జారేందుకు గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దారు. చివర్లో నట్ పైఅంచు కూడా తగ్గించి గుండ్రం చేశారు. జి గాడి మాత్రం ఒక రుద్దు ఎక్కువైంది. ఖాళీగా వాయిస్తే "జుయ్" మని బోర్డుకు కొట్టుకుంది. ఆయన ముఖం చిన్నబోయింది. నల్లచెక్క పొడిని గాడిలో నింపి, ఫెవిక్విక్ చుక్క వేసి, ఆరాక మళ్లీ మొదటినుంచి గాడి తీశారు. 300 రూపాయలు తీసుకున్నారు.

ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా ఇ తంత్రి మీద నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఖాళీ మీటాను. చింతపిక్కలు స్టీలు పళ్లెంలో ఒక్కొక్కటే జారవిడిచినట్టు ఐదూ విడివిడిగా పడ్డాయి. వంటింట్లోంచి అమ్మ "అదేంటి, కొత్తది కొన్నావా?" అంది.

అప్పటినుంచి నేర్చుకోవడం ఎలా ఉండాలో అలా సాగింది. గోళ్లు వారానికి రెండుసార్లు తీసుకోవాలి, లేకపోతే గోరు తగిలి గీకు వినిపిస్తుంది. చిటికెన వేలి పక్కన చిన్న కాయ కాసింది. ఇంకో సంగతి, ఇది నా ఒక్కదాని అనుభవమే కావచ్చు: నిలబడి గడ్డం కింద పెట్టి వాయించేటప్పుడు ప్రతి మీటుకూ వయొలిన్ కాస్త కదులుతుంది. చాప మీద కూర్చుని వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి, ఇంకో కొసను ఎడమ భుజానికి ఆనించి వాయిస్తే కదలదు. రెండు వైపులా బిగించినట్టే. కొత్త మీటులన్నీ నేను కూర్చునే నేర్చుకుని, తర్వాత లేచి నిలబడి వాయిస్తాను. పాశ్చాత్య గురువులు ఒప్పుకుంటారో లేదో గానీ నాకు కలిసొచ్చింది.

కృత్రిమ హార్మోనిక్స్ కూడా బాగుపడ్డాయి. వాటిలో మొదటి వేలు గట్టిగా నొక్కి ఉండాలి, నాలుగోది తంత్రిని తాకీ తాకనట్టు ఉండాలి. మొదటి వేలు తంత్రితో పెనుగులాడుతుంటే నాలుగోది అంత తేలిగ్గా ఉండలేదు. ఇప్పుడు ఈల లాంటి ఆ స్వరం పదిలో ఏడుసార్లు వస్తోంది.

కొన్న కొత్తలో దీనితో వచ్చిన స్టీలు తంత్రులు చాలని అడిగినవాళ్లందరికీ చెప్పాను. కమానుతో వాయించేంతవరకు చాలు. మీటడం మొదలుపెడితే ఆ స్టీలు మోత గరుకుగా ఉంటుంది, వేలిని కోస్తుంది. జి, డి, ఎలకు లోపల పెర్లాన్ అనే నైలాన్ లాంటి పోగు ఉన్న డామినెంట్ తంత్రులు వేశాక మీటు గుండ్రంగా, నిండుగా వినిపిస్తోంది. ఇ మాత్రం స్టీలుదే. కమాను బాగుందనీ అన్నాను. రెండు వానాకాలాలకు కర్ర పక్కకు వంగింది. సాగదీసి వాయించడానికి సరేగానీ, స్పిక్కాటో అనే ఎగురుడు వాయింపుకి కమాను తనంతట తాను ఎగరాలి కదా, ఇది ఎగరదు. వేరే కమాను కొనాల్సి వచ్చింది. బిరడాలు ఆగస్టులో ఉబ్బి బిగుసుకుంటాయి, జనవరిలో జారిపోతాయి. సముద్రం 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో ఏ వయొలిన్‌కైనా తప్పదేమో, దీన్ని తప్పుపట్టను.

నట్ శాశ్వతంగా బాగైపోయిందని కూడా రెండేళ్ల కిందట చాలామందితో అన్నాను. జి తంత్రి దగ్గర ఆ మాట నిలవలేదు. నేను వారంలో రెండుసార్లు ఒడిస్సీ క్లాసుకు శృతి దించి, ఇంటికొచ్చి మళ్లీ పెంచుతాను. తంత్రి అలా ముందుకూ వెనక్కూ జారి జారి, పొడితో నింపిన గాడిని మళ్లీ తినేసింది. పోయిన వర్షాకాలంలో "జుయ్" తిరిగొచ్చింది. ఇప్పుడు గాడిలో పోస్టుకార్డు ముక్క సన్నగా కత్తిరించి పెట్టుకున్నాను. నట్ మొత్తం కొత్తది వేద్దామని మౌసా అంటున్నారు, మంచి నల్లచెక్క ముక్క దొరికాక.

కొనమంటానా అంటే, మీరు ఎక్కడుంటారో ముందు చెప్పాలి. నాకు బడాబజారులో మౌసా ఉన్నారు, నేను ఇంట్లోనూ నాట్యం క్లాసులోనూ వాయించుకుంటానే తప్ప పరీక్షలకు వెళ్లను, నా చెయ్యి చిన్నది. నాలాంటివాళ్లకు ఈ ధరలో సరే. మీది జయపురమో రాయగడో అయి, నట్ సరిచేసే చెయ్యి దగ్గర్లో లేకపోతే, షాపులోనే చూసుకోండి. జి-డి-ఎ-ఇకి శృతి చేయించి, జి తంత్రి మీద మొదటి వేలు కింది స్థానంలో మామూలుగా నొక్కి, చిటికెన వేలితో మీటండి. చిటికెన వేలు అలవాటు లేకపోతే షాపతన్ని కుడిచేత్తో మీటమనండి, నొక్కేది మాత్రం మీ వేలే అయి ఉండాలి. మోగితే తీసుకోండి. "టప్" మంటే ఇంకోటి తీయించండి, ఒకే మోడల్లోనూ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

తొమ్మిదో వేరియేషన్ నాకింకా పూర్తి వేగంలో రాలేదు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెడితే మొదటి నాలుగు బార్లు (తాళపు గళ్లు) తప్పు లేకుండా వస్తున్నాయి, ఐదో బారులో చిటికెన వేలు ఇంకా ఎ తంత్రిని తాకేస్తోంది.