ఎఫ్‌డీనా, ఎన్‌సీడీనా: ఆ రెండున్నర శాతం ఊరికే ఇస్తారా?

తిరుపతిలో ఉద్యోగ విరమణ చేసినవారి ఖాతాలో గ్రాట్యుటీ పడిందంటే చాలు, ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. బ్యాంకు ఎఫ్‌డీకి ఏడు శాతం, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌సీడీకి (షేర్లుగా మారని డిబెంచర్, అంటే కంపెనీ మన దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే బాండు) తొమ్మిదిన్నర అనుకుందాం. "ఎక్స్ఛేంజీలో లిస్టయింది సార్, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అంటారు. అమ్ముకోవచ్చు, కొనేవాళ్లుంటే!

ఏడాది తిరిగాక అమ్మాయి పెళ్లికి డబ్బు అవసరమైంది. వెయ్యి రూపాయల బాండు ధర తెర మీద 995 అని కనిపిస్తుంది. అది పది రోజుల కిందట అయిదు బాండ్లకు పలికిన ధర. మీ రెండు వందల బాండ్లకు ఇవాళ 960కి మించి ఎవరూ రారు. వడ్డీ 95 వచ్చింది, అసలులో 40 పోయింది. చేతికి దక్కింది అయిదున్నర శాతం. ఎఫ్‌డీని మధ్యలో రద్దు చేసుకుంటే వడ్డీ రేటులో సాధారణంగా అర నుంచి ఒక శాతం కోత పడుతుంది, అసలుకు ఢోకా లేదు. పైగా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఎన్‌సీడీకి అది లేదు. ఒకే కంపెనీ, ఒకే రేటింగ్, ఒకే గడువున్న రెండు సిరీస్‌లలో కూడా రోజూ చేతులు మారే దానికి రాబడి తక్కువగా, మూలన పడి ఉన్నదానికి ఎక్కువగా ఉండేది ఇందుకే.

ఇక పేరు సంగతి. సెక్యూర్డ్ (ఆస్తి తాకట్టు ఉన్నది), సబార్డినేటెడ్ (మిగతా అప్పులు తీరాకే చెల్లించేది), పర్పెచ్యువల్ (గడువే లేనిది, సాధారణంగా ఇంకా వెనక నిలబడేది) అన్నవి కంపెనీ కూలితే వరుసలో మీరెక్కడో చెప్పే మాటలు. సర్వదర్శనం క్యూ ఎరిగిన ఊరికి ఇది వివరించాలా? కానీ అమ్మేటప్పుడు ఆ పేర్లే మాయమవుతాయి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు సంక్షోభంలో డిపాజిటర్లకు కొద్ది రోజులు 50,000 రూపాయల పరిమితి పెట్టారు, అంతే. అదే బ్యాంకు అడిషనల్ టైర్-1 బాండ్లను (ఇవీ పర్పెచ్యువల్ రకమే) మాత్రం దాదాపు 8,415 కోట్ల మేర రద్దు చేశారు, వివాదం కోర్టులకెక్కింది. వాటిని "సూపర్ ఎఫ్‌డీ" అంటూ అంటగట్టారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 ఉత్తర్వులో తప్పుపట్టింది. టీటీడీ ఆ బ్యాంకులోని 1,300 కోట్లను కొన్ని నెలల ముందే వెనక్కి తెచ్చుకుంది. డిపాజిట్లు కాబట్టి సరిపోయింది. పర్పెచ్యువల్ బాండ్లయితే వాళ్లూ కొనేవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చేది.

నన్నడిగితే, గడువు తీరేదాకా ముట్టనక్కర్లేని కొద్ది సొమ్ముకు మంచి రేటింగున్న, రెండు మూడేళ్ల సెక్యూర్డ్ ఎన్‌సీడీ మేలే. అర శాతం ఎక్కువకు ఆశపడి సబార్డినేటెడ్ జోలికి పోవడం గిట్టుబాటు బేరం కాదు. పింఛనుదారులకు పర్పెచ్యువల్ అసలే వద్దు. సంతకం పెట్టేముందు అదే కంపెనీ పాత సిరీస్‌లో గత నెల ఎన్ని లావాదేవీలు జరిగాయో ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో చూడండి. సున్నాలే కనిపిస్తే, అమ్ముకోవచ్చన్న హామీని పక్కనపెట్టి ఆ తొమ్మిదిన్నరను బేరీజు వేయండి.