ఇన్‌స్టాల్ చేసినవాళ్లు వేరు, ఉంచుకున్నవాళ్లు వేరు: స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్ మీద నా సమీక్ష

యాప్‌లు తయారుచేసేవాళ్లు వాడే గూగుల్ ప్లే కన్సోల్‌లో స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్ 2015 నుంచీ ఉన్నాయి. స్టోర్‌లోని మన ఆట పేజీని (లిస్టింగ్) వేర్వేరు రూపాల్లో (వేరియంట్లు) కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి చూపించి, ఏది మెరుగో తేల్చే పరీక్షలివి. ఎలా పెట్టాలో, ఎన్ని వేరియంట్లు పెట్టొచ్చో ఆటలు చేసేవాళ్లందరికీ తెలుసు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది అందులో ఉన్న ఒకే ఒక్క ఎంపిక గురించి. పరీక్ష మొదలుపెట్టేటప్పుడు దేన్ని కొలవాలని అడుగుతుంది: మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినవాళ్లనా, చేసి కనీసం ఒక రోజైనా ఫోన్‌లో ఉంచుకున్నవాళ్లనా? ఆ రెండో ఎంపిక లేకపోతే మా ఆట ఇప్పటికీ తప్పుడు బొమ్మ తగిలించుకునే తిరుగుతూ ఉండేది. దాన్ని అక్కడ పెట్టినవాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మాది చిక్కుపడ్డ దారాలను విడదీసే పజిల్. కొసలు పట్టుకుని అటూ ఇటూ జరుపుతూ ముడులు విప్పాలి. టైమర్ లేదు, ప్రాణాలు అయిపోవడం లేదు, ఎవరూ తరమరు. నిద్రపోయే ముందు కాసేపు మనసు తేలికపరచుకోవడానికి ఆడే రకం.

ఐకాన్ దగ్గర మాలో మాకే పడలేదు. మా ఆర్టిస్టు వేసిన బొమ్మలో ఒక పిల్లాడి ముఖం ఉంది. నోరు బార్లా తెరిచి, కళ్లు ఇంతేసి చేసుకుని, తల నిండా రంగు దారాలతో. “ముఖం లేకపోతే చూపు ఆగదన్నా, పైనున్న ఆటలన్నీ ఒకసారి చూడు” అంది. మాట నిజమే, అరుస్తున్న ముఖాలతో స్టోర్ నిండిపోయి ఉంది. నాకు మాత్రం ఒక్క ముడి చాలనిపించింది: ముదురు నీలం మీద ఎరుపు దారం, పసుపు దారం, మధ్యలో ఒక ముడి, వదులుగా వేలాడే ఒక కొస. ఎవరి మాటా నెగ్గకపోవడంతో రెండూ పరీక్షకు పెట్టాం.

మొదటి విడతలో ఇన్‌స్టాల్‌లనే కొలిచాం. పిల్లాడి ముఖం సునాయాసంగా గెలిచింది. అదే పెట్టేశాం. డౌన్‌లోడ్‌లు పెరిగాయి కూడా. కానీ రేటింగుల కింద కొత్త రకం మాటలు కనపడటం మొదలైంది. “ఆ బాబు ఎక్కడ?” అని ఒకరు. “కథ ఉంటుందనుకున్నాను” అని ఇంకొకరు. కోపంగా రాసినవాళ్లు తక్కువ, నిరాశతో రాసినవాళ్లే ఎక్కువ. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్లు చెడ్డ ఆట దొరికిందని వెళ్లలేదు. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన ఆట ఇది కాదు, అంతే.

రెండో విడతలో అవే రెండు బొమ్మలు, గీత కూడా మార్చలేదు. కొలిచేది మాత్రం ఉంచుకున్నవాళ్లను. మొదటి రెండు మూడు రోజులు ఏమీ తేలలేదు. వారాంతం దాటాక ముఖం ఆధిక్యం కరుగుతూ వచ్చింది. చివరికి ముడి ముందుకు వచ్చేసింది. రెండు బొమ్మల మధ్య తేడా ఎంత ఉండొచ్చో చూపించే పట్టీ ఒకటి ఉంటుంది, అది మొత్తం సున్నాకు కుడివైపే, అంటే ముడి గెలిచిన వైపే నిలబడింది. ముఖాన్ని చూసి వచ్చినవాళ్లు ఎక్కువమందే, కానీ ఆట తెరవగానే దారాలు తప్ప ఏమీ లేకపోవడం చూసి తీసేశారు. ముడిని చూసి వచ్చినవాళ్లకు లోపల ఏముందో ముందే తెలుసు, వాళ్లు ఉండిపోయారు. ఐకాన్ ఇంటి గుమ్మం లాంటిదని ఆ రోజు నాకు గట్టిగా తెలిసింది: గుమ్మం చూసి ఇల్లు ఎలాంటిదో అర్థం కావాలి.

మా ఆర్టిస్టు ఆ పట్టీని చాలాసేపు చూసి, తన బొమ్మ తనే తీసేసింది. ఆ తర్వాత స్క్రీన్‌షాట్లన్నీ మళ్లీ కొత్తగా చేసింది కూడా తనే. మొదటి దాంట్లో చిక్కుపడ్డ తెర, రెండో దాంట్లో అదే తెర సగం విడిపోయి. ఆట నుంచి తీసిన దృశ్యాలే, పైన రెండు మూడు మాటలు. చాలామంది పక్కకు జరిపి చూడరు కాబట్టి మొదటి రెండింటితోనే ఆట అర్థమైపోవాలి. ఆటలో లేనిది చూపించడం ఎక్కడికి దారితీస్తుందో ఈ రంగమంతా చూసింది. 2020లో బ్రిటన్‌లోని ప్రకటనల నియంత్రణ సంస్థ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే ఆటల ప్రకటనలను, అసలు ఆటకు సరిపోలడం లేదని నిషేధించింది. అవి ప్రకటనలే, స్టోర్ బొమ్మలు కావు. అయినా జబ్బు ఒకటే.

చేతిపని గురించి ఒక మాట. ఐకాన్ 512 పిక్సెళ్ల చదరంగా ఇస్తాం, మూలలు గుండ్రంగా కోసేది, నీడ వేసేది స్టోరే. కాబట్టి మూలల్లో ముఖ్యమైనది ఏదీ పెట్టకూడదు, మనం నీడ గీయకూడదు. మా ముడి కొసను ఆ లెక్క చూసుకునే లోపలికి వంచాం. గీస్తున్నంతసేపూ పెద్ద తెర మీద చూసి మురిసిపోకుండా వేలిగోరంత చేసి చూడాలి. ఆ సైజులో రెండు దారాలు కనపడతాయి, అయిదు పెడితే మరకలా ఉంటుంది.

వివరణ దగ్గర మాకు దక్కిన ఆనందం చిన్నదే, కానీ ఉంది. రాతను పరీక్షించాలంటే భాషలవారీ పరీక్ష పెట్టాలి, మామూలు దాంట్లో బొమ్మలే కుదురుతాయి. నాలుగు వేల అక్షరాల పెద్ద వివరణలో ఏం మార్చినా మాకు ఉలుకూ పలుకూ లేదు. ప్లే స్టోర్ వెతుకులాటకు అది పనికొస్తుంది కాబట్టి శ్రద్ధగానే రాస్తాం. కదలిక వచ్చింది 80 అక్షరాల చిన్న వివరణలో. అద్భుత లోకం, మరపురాని ప్రయాణం అంటూ రాసినదాన్ని తీసేసి, “కొస లాగండి, ముడి విప్పండి. టైమర్ లేదు.” అని పెట్టాం. ఉండిపోయేవాళ్లు పెరిగారు. ఆట లోపల ఏం లేదో చెప్పడం కూడా ఆకర్షణేనని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంత పొగిడాక ఇంకొన్ని చెప్పాలి. ఈ పని చేసే చాలామందిలాగే మేమూ ఒకసారి ఒకే ఐకాన్‌ను రెండు వేరియంట్లుగా పెట్టి చూశాం, ఊరికే యాదృచ్ఛికంగా ఎంత తేడా వస్తుందో తెలుసుకోవడానికి. అచ్చంగా ఒకటే అయిన ఆ రెండు బొమ్మల మధ్య కంటికి ఆనేంత తేడా వచ్చింది. అప్పటినుంచి సన్నని గెలుపులను గెలుపులుగా లెక్కవేయడం మానేశాం. ముడి గెలుపు పెద్దది కాబట్టి నిలబడింది. చిన్న వివరణ గెలుపు గురించి నేను అంత గట్టిగా చెప్పను. అదీగాక సైన్ ఇన్ కానివాళ్లకు ఎప్పుడూ పాత లిస్టింగే కనపడుతుంది, వాళ్లు లెక్కలో ఉండరు. పజిల్ ఆటకు ఒక రోజు చాలా చిన్న గడువు. మొదటి రోజు ఉండి నాలుగో రోజు వెళ్లిపోయినవాళ్ల సంగతి ఈ కొలమానం చెప్పదు, అది మన ఆట లోపలి లెక్కల్లో చూసుకోవాల్సిందే. ఎందుకు వెళ్లారన్నది అసలే చెప్పదు. మాకు ఆ కారణం చెప్పింది రేటింగుల కింద రాసిన మనుషులు.

యాపిల్ వైపు కూడా ఇలాంటి పరీక్ష ఉంది, మూడు వేరియంట్ల దాకా, 90 రోజుల దాకా. కాకపోతే పరీక్షించే ఐకాన్‌లు యాప్ బిల్డ్‌లోనే, అంటే స్టోర్‌కు పంపే యాప్ ఫైలులోనే ఉండాలి, కాబట్టి నిన్న అనుకున్న ఐకాన్‌ను ఇవాళ పరీక్షకు పెట్టలేం. అక్కడ మేం స్క్రీన్‌షాట్ల వరకే ఆగాం.

మాకు ఇది పనిచేయడానికి కారణాలు మావి. మా లిస్టింగ్ దగ్గరికి రోజూ ఓ మోస్తరుగా జనం వస్తారు, ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చేవాళ్లే. ప్రకటనల మీద మేం ఖర్చు పెట్టం. ప్రకటనలు మధ్యలో మొదలై మధ్యలో ఆగే ఆటకు వచ్చే జనం రకమే వారానికోలా మారుతుంది, అప్పుడు ఈ ఫలితాలను నేనైతే నమ్మను. రోజుకు కొద్దిమందే వచ్చే కొత్త ఆటకు నెలలు ఆగినా ఆ పట్టీ సున్నాకు రెండువైపులా పడుకునే ఉంటుంది, ఏదీ తేలదు. ఆ దశలో పరీక్షకంటే, ఆట గురించి ఏమీ తెలియని నలుగురికి ఐకాన్ చూపించి “ఈ ఆటలో ఏం చేయాల్సి ఉంటుందనుకుంటున్నారు?” అని అడగడమే మేలు. జనం తగినంతగా ఉండి, ఆటాడేవాళ్లు ఉండిపోవడమే మీకు ముఖ్యమైతే మాత్రం ఆ రెండో ఎంపికే పెట్టండి, కనీసం ఒక వారం కదిలించకండి.