అలెన్ ఫీల్డ్‌హౌస్: పద్నాలుగేళ్ళు ఆ బెంచీ మీద కూర్చున్నాక

ఐదు స్టార్లకి నాలుగున్నర. ఆ అర స్టార్ నా మోకాళ్ళు కోసేశాయి.

2011 ఆగస్టులో తెనాలి నుంచి ఎంఎస్ కోసం కాన్సస్ యూనివర్సిటీకి వచ్చాను. అప్పటికి బాస్కెట్‌బాల్ అంటే నాకు మా స్కూలు గ్రౌండులో మూలన ఉండే ఒక రింగు, అంతే. దానికి వల ఉండేది కాదు, ఆడేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కాదు, పీఈటీ సారు ఆ బోర్డు నీడలో స్కూటర్ పెట్టుకునేవారు. అలాంటివాడు పద్నాలుగేళ్ళ తర్వాత కూర్చుని ఒక బాస్కెట్‌బాల్ స్టేడియానికి రివ్యూ రాస్తున్నాడంటే తప్పు నాది కాదు, ఆ బిల్డింగ్‌ది.

యూనివర్సిటీ ఉన్న లారెన్స్, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఊళ్ళో నైస్మిత్ డ్రైవ్ అని ఒక రోడ్డు, దాని మీద ఈ ఫీల్డ్‌హౌస్. బయట నుంచి చూస్తే మన వైపు పాత పొగాకు గోడౌన్‌లా ఉంటుంది, నేను వచ్చేనాటికి లోపల కోర్టు చుట్టూ దాదాపు 16 వేల మంది పట్టేవారు. 1955 మార్చి 1న తెరిచారు. బాస్కెట్‌బాల్ అనే ఆటని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఇక్కడికి 1898లో వచ్చి మొదటి కోచ్ అయ్యాడు. 55 గెలిచాడు, 60 ఓడాడు. ఇక్కడి కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే, ఆట కనిపెట్టినాయనకే! ఈ సంగతి తెలిశాక మా రూమ్మేట్ తన అల్గారిథమ్స్ గ్రేడ్ గురించి ఏడవడం మానేశాడు. బిల్డింగ్‌కి పెట్టిన పేరు ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్‌ది. పొగమంచులో ఓడలు మోగించే హారన్ లాంటి గొంతు కాబట్టి ఫాగ్ అన్నారట. గోడ మీద 'ఫాగ్‌తో జాగ్రత్త' అనే అర్థంలో ఒక పెద్ద బ్యానర్ ఉంటుంది. మొదట దాన్ని 1988లో డ్యూక్ యూనివర్సిటీతో మ్యాచ్ కోసం స్టూడెంట్లు స్నానాల గదుల కర్టెన్ల మీద రాసి కట్టారు. కట్టిన రోజే ఓడిపోయారు, అది వేరే సంగతి, ఆ ఏడాది కప్పు మాత్రం కొట్టారు.

ఇప్పుడు వాడకం సంగతికి వస్తాను. సీట్లంటే మీరు ఊహించుకునే కుర్చీలు కావు, చాలా చోట్ల చెక్క బెంచీలు. వీపుకి ఆనుడు లేదు. నంబర్ ఉంటుంది గానీ ఆ నంబర్ల మధ్య ఎడం 1955 నాటి మనుషులని చూసి పెట్టింది, ఇప్పటి మనుషులం అంత సన్నగా లేం, అందులోనూ చలికాలం కోట్లతో. ఎదుటివాడి వీపు మీ మోకాళ్ళకి, మీ వీపు వెనకవాడి మోకాళ్ళకి. మధ్యలో కూర్చుంటే లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే పదిమందిని లేపాలి. మొదట్లో నాకిది పెద్ద లోపం అనిపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మంచి చోటు దొరకాలంటే క్యాంపింగ్ చెయ్యాలి. ఒక గుంపుగా పేరు రాయించుకుంటారు, లాటరీ తీస్తారు, ఆ తర్వాత పొద్దున్నుంచి రాత్రి దాకా గుంపులో ఎవరో ఒకరు ఫీల్డ్‌హౌస్ నడవాలో కాపలా ఉండాలి. ఎప్పుడు పడితే అప్పుడు హాజరు పిలుస్తారు, పలక్కపోతే పేరు కొట్టేస్తారు. మా గుంపులో ఆరుగురం, అందరం తెలుగువాళ్ళమే. పొద్దున ఆరింటికి లేచి వంతు కాయడం అనేది మాకెవరూ నేర్పక్కర్లేదు, రిజర్వేషన్ కౌంటర్ల దగ్గర నేర్చుకునే వచ్చాం. నేల మీద దుప్పటి పరుచుకుని అసైన్‌మెంట్లు చేసుకునేవాళ్ళం. పక్క గుంపు అమెరికా పిల్లలు పిజ్జా పెట్టేవాళ్ళు, మేము పులిహోర పెట్టేవాళ్ళం, ఇందులో లాభం వాళ్ళకే.

ఇంకో ఆచారం ఏమిటంటే, అవతలి టీమ్ ఆటగాళ్ళని పరిచయం చేస్తుంటే స్టూడెంట్లందరూ న్యూస్‌పేపర్ తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు, మీరెవరో మాకు పట్టదు అన్నట్టు. తర్వాత మనవాళ్ళ పేర్లు పిలిచేటప్పుడు దాన్నే ముక్కలు చేసి గాల్లోకి చల్లుతారు. మొదటి మ్యాచ్‌కి నాకు కాలేజీ పేపర్ దొరకలేదు. ఇంటికెళ్ళి వెతికితే అమ్మ ఆవకాయ సీసాకి చుట్టి పంపిన ఈనాడు కనిపించింది, నూనె మరకలతో సహా. అదే పట్టుకెళ్ళి తెరిచాను. ముందు వరసలోవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, అక్షరాలకో వాసనకో తెలీదు. ముక్కలు చల్లినప్పుడు మాత్రం వాడి నెత్తి మీద గుంటూరు జిల్లా వార్తలు పడ్డాయి.

అసలు మ్యాచ్‌ల్లోకి వెళ్దాం.

2012 ఫిబ్రవరి 25, శనివారం, పక్క రాష్ట్రం మిజోరీ యూనివర్సిటీతో. ఈ రెండు రాష్ట్రాల గొడవ బంతితో మొదలైంది కాదు. 1863లో మిజోరీ వైపు నుంచి వచ్చిన క్వాంట్రిల్ ముఠా లారెన్స్‌ని తగలబెట్టి, దొరికిన మగవాళ్ళని చంపి పోయింది. ఇక్కడి ముసలివాళ్ళు దాన్ని నిన్న మొన్న జరిగినట్టే చెప్తారు. పైగా మిజోరీ ఆ ఏడాదితో మేమంతా ఆడే బిగ్ 12 లీగ్ వదిలేసి ఎస్ఈసీ అనే ఇంకో లీగ్‌లోకి పోతోంది, అంటే లీగ్‌లో ఇక్కడ ఇదే ఆఖరి మ్యాచ్. మూడు వారాల ముందే వాళ్ళ ఊళ్ళో మనవాళ్ళు 74-71తో ఓడి వచ్చారు. మనవాళ్ళు అంటున్నాను చూడండి, అప్పటికి నేను వచ్చి ఆరు నెలలు.

మధ్యాహ్నం మ్యాచ్‌లు ఇక్కడ ప్రత్యేకం, ఎందుకంటే పైన గోడల్లో కిటికీలున్నాయి, ఎండ లోపలికి వాలుగా పడుతుంది, కొత్త స్టేడియాల్లో ఈ భాగ్యం లేదు. ఆ ఎండ వెలుగులోనే సెకండ్ హాఫ్‌లో 19 పాయింట్లు వెనకబడ్డాం. రూమ్మేట్ 'పదరా, పోయి అన్నం వండుకుందాం' అన్నాడు. నేనూ సరే అన్నాను, నిజంగా. కానీ మేము ఉన్నది బెంచీ నట్టనడుమ. అటు పదిమంది, ఇటు పదిమంది, అందరూ నిలబడి అరుస్తున్నారు, ఒక్కడూ జరగడు. పోలేక ఆగిపోయాం. ఆ పోలేకపోవడం వల్లే మనవాడు థామస్ రాబిన్సన్ బుట్టలో వేసి, ఫౌల్ కూడా సంపాదించి స్కోరు సమం చెయ్యడం చూశాను. ఆఖరి క్షణాల్లో మిజోరీ కుర్రాడు ఫిల్ ప్రెస్సీ రింగు మీదికి వెళ్తే అదే రాబిన్సన్ ఆ బంతిని చేత్తో కొట్టేయడమూ చూశాను. మిజోరీవాళ్ళు ఇప్పటికీ అది ఫౌలే అంటారు. నేను కూర్చున్న చోటికి మాత్రం శుభ్రంగా కనిపించింది, నన్ను నమ్మాలని రూలేమీ లేదు. ఈ రాబిన్సన్ అంతకు ఏడాది ముందు నెల తిరక్కుండా అమ్మమ్మని, తాతని, ఆఖరికి అమ్మని పోగొట్టుకున్న పిల్లాడు. ఆ రోజు అతను గుండె చరుచుకుంటూ అరుస్తుంటే పక్కన ఎవరో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది, అదెందుకో నాకు తర్వాత ఎవరో చెప్తే గానీ అర్థం కాలేదు. స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం, ఓవర్‌టైమ్‌లో 87-86తో గెలిచాం. మన టైషాన్ టేలర్ ఫౌల్‌కి దొరికిన ఫ్రీ త్రోలు వేసేటప్పుడు పదహారు వేల మంది నోరు మూసుకున్నారు, ఆ నిశ్శబ్దం కూడా నాకు చప్పుడులాగే గుర్తుంది.

గెలుపు ఖాయమయ్యాక ఇక్కడ 'రాక్ చాక్, జే హాక్, కే యూ' అని ఒక పాట లాంటి కేక మొదలవుతుంది. చాలా నెమ్మదిగా, సాగదీసి. కేకలా ఉండదు, అలిపిరి మెట్ల మీద ఎక్కడో పైన ఎవరో గోవిందా అంటే కింద నుంచి అందుకుంటారే, అలా ఉంటుంది. 1886 నుంచీ ఉన్న కేక అది.

చదువయ్యాక ముప్పావుగంట దూరంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో ఒకాయన సీజన్ టికెట్లలో వాటా ఇచ్చాడు. ఈసారి బెంచీ చివర సీటు, నడవ పక్కన. కాలు చాపుకోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవచ్చు. ఇంతకంటే అదృష్టం ఉండదనుకున్నాను. నా ఎడమ పక్క ఒక ముసలి జంట, ఇద్దరూ రిటైరైన టీచర్లు. ఆయన మ్యాచంతా నోరు విప్పడు, ఆవిడ మ్యాచంతా నోరు మూయదు.

2016 జనవరి 4, ఓక్లహోమాతో. మూడు ఓవర్‌టైములు, 109-106. అవతల బడ్డీ హీల్డ్ ఒక్కడే 46 పాయింట్లు కొట్టాడు. ఎంతమంది మీద పడినా పడిపోతూనే వేస్తాడు, వేసింది వేసినట్టు పోతుంది. చివరికి సైడ్‌లైన్ నుంచి అతను లోపలికి విసరబోయిన బంతిని మన ఫ్రాంక్ మేసన్ లాగేసుకున్నాడు, దాంతో కథ అటునుంచి ఇటు తిరిగింది. అయితే నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది మ్యాచ్ అయిపోయాక జరిగింది. ఓడిపోయిన హీల్డ్ కోర్టు మీద టీవీవాళ్ళతో మాట్లాడి వెళ్తుంటే ఈ జనం, పేపర్ అడ్డం పెట్టుకుని నువ్వెవరో తెలీదని నటించిన ఈ జనమే, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కన ముసలాయన కూడా లేచాడు. ఆయన మోకాళ్ళు నాకంటే అధ్వాన్నం.

ఇక 2017 ఫిబ్రవరి 13. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. సోమవారం రాత్రి, వెస్ట్ వర్జీనియాతో. ఆ రాత్రే గిన్నిస్ వాళ్ళ ముందు జనం అరుపు 130.4 డెసిబెల్స్ కొలిచారు, ఇండోర్ ఆటల్లో రికార్డు. రెండు వారాల ముందే కెంటకీవాళ్ళు వాళ్ళ రప్ అరీనాలో 126.4తో రికార్డు పెట్టారు, అదీ మనతో ఆడిన రోజే. కాబట్టి పంతం. అరిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను, నా వాటా ఎన్ని డెసిబెల్సో మరి. కానీ మ్యాచ్ చేతులు జారింది. ఇంక మూడు నిమిషాలు, 14 పాయింట్లు వెనక. మర్నాడు పొద్దున్నే మీటింగ్, కే-10 హైవే మీద ముప్పావుగంట డ్రైవింగ్, అందరితోపాటు బయల్దేరితే పార్కింగ్ నుంచి బయటపడటానికే అరగంట. చివర సీటు కదా, హాయిగా లేచాను. ముసలావిడ 'ఎక్కడికి' అన్నట్టు చూసింది. రేపు పని ఉందన్నాను.

కారు దగ్గరికి చేరేసరికి లోపల్నుంచి ఒక హోరు. తర్వాత ఇంకోటి, ఇంకా పెద్దది. తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రేడియో పెడితే తేడా నాలుగో ఐదో అంటున్నాడు. పరిగెత్తి వెనక్కి పోదామంటే బయటికొచ్చినవాణ్ణి మళ్ళీ రానివ్వరు. ఆ చలిలో కార్లో కూర్చుని, అద్దం దించుకుని, ఒక చెవిన రేడియో, ఒక చెవిన బిల్డింగ్. ఓవర్‌టైమ్‌లో 84-80 గెలిచాం. రాక్ చాక్ పాట గోడల్లోంచి వినిపించింది. అందరితోపాటే ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికెళ్ళాను.

సరిగ్గా తొమ్మిది రోజులకి, ఫిబ్రవరి 22న, టీసీయూ అనే టీమ్‌తో మ్యాచ్. నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. అదే సమయానికి మాకు పక్కనే ఉన్న ఒలేతలో ఒక బార్‌లో ఇదే మ్యాచ్ చూడటానికి జనం చేరారు, అక్కడే మన తెలుగు ఇంజినీర్‌ని, నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ, కాల్చి చంపాడు ఒకడు. ఇంకో తెలుగు స్నేహితుడికీ, అడ్డుపడిన స్థానిక కుర్రాడికీ తూటాలు తగిలాయి. ఆ రాత్రి ఇండియా నుంచి ఫోన్లు ఆగలేదు. మ్యాచ్ గెలిచామని మర్నాడు సాయంత్రం వరకూ నాకు తెలీదు.

27న సీనియర్ నైట్, అంటే ఆఖరి ఏడాది ఆటగాళ్ళకి వీడ్కోలు చెప్పే మ్యాచ్, ఓక్లహోమాతో. వెళ్ళొద్దని మా ఆవిడ, వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేనేమోనని నేను. ఫీల్డ్‌హౌస్ మెట్లు దిగి నా వరస దగ్గరికి వచ్చేసరికి ముసలాయన లేచి నడవ పక్కకి జరిగాడు, నా సీట్లోకి. ఆవిడ తన పక్కన బెంచీ మీద చేత్తో తట్టింది. ఇద్దరి మధ్య కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. మ్యాచంతా మాట్లాడే ఆవిడ ఆ రోజు ఫస్ట్ హాఫ్ సగం దాకా నోరెత్తలేదు, తర్వాత రిఫరీని తిట్టడం మొదలుపెట్టింది, అప్పుడు నాకు కాస్త ఊపిరాడింది.

అప్పట్నుంచీ నా చోటు అదే, మధ్యలో. కాళ్ళు చాపుకోడానికి లేదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. బెంచీ మీద వేసుకోడానికి పల్చటి మెత్త పట్టుకెళ్ళండి. లోపల జనం వేడికి స్వెట్టర్ విప్పాల్సి వస్తుంది, కాబట్టి పొరలు పొరలుగా వేసుకోండి. గంట ముందు వెళ్తే పక్కనే డిబ్రూస్ సెంటర్‌లో నైస్మిత్ ఆట రూల్స్ టైపు చేయించిన అసలు కాగితాలు చూడొచ్చు. రెండు కాగితాలు, 13 రూల్స్, 2010 వేలంలో ఇక్కడి పూర్వ విద్యార్థి ఒకాయన 43 లక్షల డాలర్లకి కొన్నాడు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్తే మాత్రం చెవుల్లో పెట్టుకోడానికి దూది మర్చిపోకండి. మా నాన్నగారు దూదితో రెండు గంటలు కూర్చుని, బయటికొచ్చాక అడిగింది ఒక్కటే: 'అంత ఎత్తున్నవాళ్ళకి ఇంకా ఎగరాల్సిన అవసరం ఏంట్రా?'

టికెట్ కొనేటప్పుడు నడవ పక్క సీటు తీసుకోకండి. ఆ అర స్టార్ నేను వెనక్కి ఇవ్వను, మోకాళ్ళ నొప్పి నిజంగానే ఉంది, అయినా చెప్తున్నాను.

ఇప్పటికీ ప్రతి మ్యాచ్‌లో, స్కోరు ఎంతున్నా సరే, గడియారంలో మూడు నిమిషాలు పడగానే ఆ ముసలాయన కోర్టు వైపు చూడటం ఆపి నా వైపు తిరుగుతాడు. ఒక్క మాట మాట్లాడడు. నడవలోంచి కాళ్ళు పక్కకి తీసి, దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాపుతాడు.