మన్‌హట్టన్‌లో మిగిలిన రైతు ఇల్లు: డిక్‌మన్ ఫార్మ్‌హౌస్

న్యూయార్క్ వచ్చిన మనవాళ్లు చూడాల్సిన చోట్లలో ఇది తప్పకుండా ఉండాలి. మన్‌హట్టన్ ఉత్తర కొసన, బ్రాడ్‌వే మీద 204వ వీధి దగ్గర, అపార్ట్‌మెంట్ల మధ్య ఉందీ ఇల్లు. పాత ఇల్లు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోతే, విలియం డిక్‌మన్ 1784 ప్రాంతంలో దీన్ని కట్టించుకున్నాడు.

మాది తాపీ పని చేసిన కుటుంబం. ఎక్కడికెళ్లినా ముందు గోడలే చూస్తాను. ఇక్కడ ముందు గోడ ఇటుకది, పక్కకు తిరిగితే రాతి కట్టుబడి, దాని పైన చెక్క పలకలు. మన ఊళ్లలో వీధి వైపు గోడకే ప్లాస్టరింగ్ చేసి పక్క గోడలు వదిలేసినట్టు, రోడ్డున పోయేవాళ్లకు కనబడే చోటే ఇటుక పెట్టారనిపించింది. పైకప్పు ఒక్కో వైపు రెండు వాలులుగా విరుగుతుంది. పై వాలు తక్కువ, కింది వాలు ఎక్కువ కావడంతో అటక మీద మంచి చోటు దొరికింది. అంచు మెల్లగా వంగి బయటికి సాగి వరండాకు నీడ ఇస్తుంది. ఆ వంపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

కింద చలికాలపు వంటగది ఉంది. అక్కడ బయటికి తేలిన బండ మీద మన దాడి ఆట గళ్లు చెక్కి ఉన్నాయి!

విలియం 1787లో పోయాక ఇల్లు కొడుకు జేకబస్‌కు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా కుటుంబం చేయి దాటిపోయి, పాడుబడింది. 1915లో ఆ వంశంలోని అక్కాచెల్లెళ్లు మేరీ ఆలిస్ డీన్, ఫ్యానీ వెల్చ్ దాన్ని కొని బాగుచేయించి, 1916లో నగరానికి ఇచ్చేశారు. ఫ్యానీ భర్త ఆర్కిటెక్ట్, మేరీ ఆలిస్ భర్త మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాల విభాగం క్యూరేటర్. అందుకే గదులు సర్దిన తీరులో 1780ల కన్నా 1915 అభిరుచే ఎక్కువ కనిపిస్తుంది. చూసేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఈ పొలంలో బానిసలుగా చాకిరీ చేసిన నల్లజాతి మనుషుల గురించి మ్యూజియంవాళ్లు వెతికి మరీ చెబుతున్నారు. న్యూయార్క్‌లో బానిసత్వం 1827 దాకా ఉంది. యజమానుల పేర్లతో పాటు వాళ్ల కథ కూడా వినకపోతే ఈ ఇంటి చరిత్ర సగమే.

సబ్‌వేలో 'A' లైన్ ట్రైన్ ఎక్కి, చివరి స్టేషన్ 207వ వీధిలో దిగితే నడిచి వెళ్లొచ్చు. తెరిచే రోజులు ముందే చూసుకోండి. పిల్లలుంటే నేరుగా వంటగదికి తీసుకెళ్లండి.