ఆటోడాక్ వినా 1.2 రివ్యూ: టీబీ క్రిమి ఇన్‌హెచ్‌ఏ ప్రోటీన్ మీద నడిపి చూస్తే

మందు అణువు ప్రోటీన్‌లోని గుంటలో (పాకెట్) ఎలా కూర్చుంటుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడాన్ని డాకింగ్ అంటారు, ఆ పని చేసే ప్రోగ్రామే ఆటోడాక్ వినా. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, అపాచీ లైసెన్సు. మామూలు లాప్‌టాప్ మీద ఒక్కో లిగాండ్‌ని (ప్రోటీన్‌కి అతుక్కునే చిన్న అణువుని) నిమిషాల్లో డాక్ చేసేస్తుంది. స్క్రిప్స్ రీసెర్చ్‌లో ఓలెగ్ ట్రాట్, ఆర్థర్ ఓల్సన్ తయారుచేసి 2010లో పేపర్ వేసినప్పుడే పాత ఆటోడాక్ 4 కంటే సుమారు వంద రెట్లు వేగం అన్నారు. 1.2 వెర్షన్ 2021లో వచ్చింది. మన దగ్గర ఎం.ఫార్మసీ, బయోటెక్ ప్రాజెక్టుల్లో డాకింగ్ అంటే చాలామటుకు ఇదే. లిగాండ్ పాకెట్‌లో ఎలా కూర్చుంటుందో చెప్పడంలో వినా మనం పెట్టే డబ్బుకి (అంటే సున్నాకి) చాలా ఎక్కువే పనిచేస్తుంది. పక్కన వేసే అంకె, అంటే ఎంత గట్టిగా అతుక్కుంటుందో అంచనా వేసే స్కోరు (ఎంత మైనస్ అయితే అంత మెరుగు), దాని సంగతి వేరు.

పరీక్షకి ఇన్‌హెచ్‌ఏ మంచి ప్రోటీన్. మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ తన గోడకి కావలసిన మైకోలిక్ ఆమ్లాల కోసం పొడుగాటి కొవ్వు గొలుసులు అల్లుకునే దారిలో ఇదొక ఎంజైమ్. ఐసోనియాజిడ్ అనే టీబీ మందు చివరికి కొట్టేది దీన్నే. ఆ 'చివరికి' అన్నదాన్ని చాలా ప్రాజెక్టు రిపోర్టులు పట్టించుకోవు. ఐసోనియాజిడ్ మాత్రలో ఉన్న రూపంలో ఇన్‌హెచ్‌ఏకి అతుక్కోదు. ముందు క్రిమిలోని కాట్‌జీ అనే ఎంజైమ్ దాన్ని చురుకుగా మార్చాలి, అది ఎన్‌ఏడీతో (ఎంజైములకి తోడుండే సహాయక అణువు) కలిసి ఒక జంట అణువు కావాలి, ఆ జంట వెళ్లి పాకెట్‌లో కూర్చోవాలి. ఒట్టి ఐసోనియాజిడ్‌ని డాక్ చేసి 'స్టాండర్డ్ డ్రగ్ కంటే మా కాంపౌండ్ స్కోరు మెరుగు' అని రాయడం ఉడకని పప్పులో ఉప్పు చూసినట్టే. పైగా అందులో హైడ్రోజన్లు కాక ఉన్నవి 10 పరమాణువులే, దానికంటే పెద్దదేది పెట్టినా స్కోరులో గెలుస్తుంది. పోలికకి ట్రైక్లోసాన్ గానీ, పైరోలిడీన్ కార్బాక్సమైడ్లు గానీ తీసుకోవాలి. ఇవి చురుకు చేయించుకోనక్కర్లేకుండా నేరుగా పట్టుకుంటాయి. పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్) 4టీజెడ్‌కే అన్న నిర్మాణంలో అలాంటి కార్బాక్సమైడ్ ఒకటి ఎన్‌ఏడీ పక్కనే కూర్చుని ఉంది. దాని ఆక్సిజన్ అటు ప్రోటీన్‌లోని 158వ అమైనో ఆమ్లం టైరోసిన్ 158తోనూ, ఇటు ఎన్‌ఏడీ రైబోజ్ మీది హైడ్రాక్సిల్‌తోనూ హైడ్రోజన్ బంధం కడుతుంది.

అందుకే రిసెప్టర్ (డాకింగ్‌కి వాడే ప్రోటీన్ ఫైల్) తయారీలో ఎన్‌ఏడీని తీసేయకూడదు. 'నీళ్లూ హెటరో పరమాణువులూ (ప్రోటీన్‌కి చెందనివి) అన్నీ డిలీట్ చెయ్యండి' అనే ట్యుటోరియల్ మాట వింటే ఎన్‌ఏడీ కూడా పోతుంది. పాకెట్ గోడల్లో ఒకటి లేనట్టే. ఖాళీ అయిన ఆ చోట్లోకి లిగాండ్ దూరిపోతుంది, స్కోరు మాత్రం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రిసెప్టర్ తయారుచేసే పాత ఎంజీఎల్ టూల్స్ స్క్రిప్టు ఇంకో తిరకాసు పెడుతుంది. ఎన్‌ఏడీ వేరే చైన్‌గా ఉంటే ప్రామాణిక అమైనో ఆమ్లాలు లేని చైన్ అని చెప్పకుండా కొట్టేస్తుంది. తయారైన పీడీబీక్యూటీ ఫైల్‌ని (వినా చదివేది దీన్నే) నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎన్‌ఏడీ వరుసలు ఉన్నాయో లేదో వెతకండి, అర నిమిషం పని. ఇదే పని చేసే కొత్త మీకో ప్యాకేజీ తనకి తెలియని అవశేషం (గొలుసులోని ఒక్కో ముక్క) ఎదురైతే గొడవ చేసి ఆగుతుంది, చెప్పకుండా తీసేయడం కంటే అదే నయం.

పరమాణువుల మీది విద్యుదావేశాలు (ఛార్జీలు) గాస్టైగర్ పద్ధతివా, కోల్‌మన్ పద్ధతివా అని వైవాలో అడిగితే కంగారు పడక్కర్లేదు. వినా సొంత స్కోరింగ్‌లో ఛార్జీల లెక్కే లేదు. హైడ్రోజన్లు ఎటు తిరిగి ఉన్నాయన్నదీ స్కోరుకి అక్కర్లేదు. ఉన్నాయా లేదా అన్నది మాత్రం ముఖ్యం. నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉంటే దాన్ని హైడ్రోజన్ బంధానికి దాతగా లెక్కేస్తుంది, లేకపోతే లేదు. కాబట్టి ప్రోటోనేషన్, టాటోమర్ (ఏ పరమాణువు మీద హైడ్రోజన్ ఉందన్నది) తప్పితే ఫలితం తప్పుతుంది. 1.2లో ఆటోడాక్ 4 స్కోరింగ్ కూడా పెట్టారు, అది ఎంచుకుంటే ఛార్జీలు కావాలి.

ఎక్కువమంది బోల్తా పడేది బాక్స్ దగ్గర, అంటే లిగాండ్‌ని ఎక్కడ వెతకాలో వినాకి చెప్పే పెట్టె దగ్గర. బాక్స్ గీసే ఆటోడాక్ టూల్స్‌లో గ్రిడ్ స్పేసింగ్ (పాయింట్ల మధ్య దూరం) మొదట్లో 0.375 ఆంగ్‌స్ట్రామ్ ఉంటుంది, 60 పాయింట్లంటే 22.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. వినా అడిగేది నేరుగా ఆంగ్‌స్ట్రామ్‌లు. కాన్ఫిగ్ ఫైల్లో అదే 60 ఎక్కించేస్తే బాక్స్ ఘనపరిమాణం 19 రెట్లు అవుతుంది, లిగాండ్ ప్రోటీన్ పైపైన ఎక్కడో తేలుతుంది. బాక్స్ 27,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వినా హెచ్చరిక వేస్తుంది గానీ పని ఆపదు, ఆ వరుస ఎవరూ చదవరు. స్పేసింగ్‌ని ముందే 1.0కి మార్చుకోండి. ఇన్‌హెచ్‌ఏకి క్రిస్టల్ నిర్మాణంలోని లిగాండ్‌ని మధ్యలో పెట్టుకుని, బాక్స్ ఒక్కో వైపు 22 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే సరిపోతుంది.

వినా తిప్పేది ఒంటరి బంధాలనే. చిన్న ఉంగరాలు ఎలా ఇస్తే అలాగే ఉంటాయి. 4టీజెడ్‌కే లిగాండ్‌లో సైక్లోహెక్సైల్ ఉంది. త్రీడీ చేసేటప్పుడు అది పడవ ఆకారంలో వచ్చిందంటే చివరిదాకా పడవే. కైరల్ కేంద్రమూ అంతే, స్మైల్స్‌లో (అణువుని అక్షరాల్లో రాసే పద్ధతి) దిక్కు రాయకపోతే ఏ ఎనాన్షియోమర్ (అద్దంలో ప్రతిబింబం లాంటి రెండు రూపాల్లో ఏది) వచ్చిందో చూసుకునే బాధ్యత మీదే.

రీడాకింగ్ (క్రిస్టల్‌లో ఉన్న లిగాండ్‌నే మళ్లీ డాక్ చేసి, అదే చోట కూర్చుందో లేదో చూడటం) ఫలితం చదవడంలో అసలు తప్పు జరుగుతుంది. తెరమీద వచ్చే పట్టికలో రెండు ఆర్ఎంఎస్‌డీ (రెండు అమరికల్లో పరమాణువుల మధ్య సగటు దూరం లాంటి అంకె) నిలువు వరుసలుంటాయి, మొదటి పోజుకి (లిగాండ్ కూర్చున్న ఒక్కో తీరు ఒక పోజు) రెండూ 0. అది క్రిస్టల్‌తో పోలిక కాదు, మొదటి పోజుని దానితోనే పోల్చిన అంకె. 'రీడాకింగ్ ఆర్ఎంఎస్‌డీ 0.000' అని థీసిస్‌లో ఎక్కిందంటే ఇదే కారణం. నిజమైన అంకె కోసం ఓపెన్ బేబెల్ అనే ఉచిత ప్యాకేజీలోని ఓబీఆర్ఎంఎస్ టూల్ వాడండి. అణువుల్ని చూపించే పైమాల్‌లో అలైన్ కొడితే లిగాండ్‌ని కదిపి మరీ కలిపేస్తుంది, అంకె అబద్ధంగా తగ్గుతుంది. ఈ లిగాండ్‌లో డైక్లోరోఫినైల్ ఉంగరం సగం చుట్టు తిరిగినా అదే ఆకారం కాబట్టి సౌష్ఠవాన్ని లెక్కలోకి తీసుకునే టూలే కావాలి. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వస్తే సెటప్ బాగున్నట్టు. ఆ తర్వాత టైరోసిన్ 158 బంధం నిలిచిందో లేదో కంటితో చూడాలి.

ఇక స్కోరు. వినా పేపర్‌లోనే ప్రామాణిక దోషం 2.85 కిలోక్యాలరీలని ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర 1.36 కిలోక్యాలరీలంటే బంధన బలంలో పది రెట్లు, అంటే దోషమే వంద రెట్లకు పైన. మైనస్ 8.9కీ మైనస్ 9.3కీ మధ్య తేడా చూపించి 'మా మొక్క కాంపౌండ్ గెలిచింది' అనడానికి ఇందులో ఆధారం లేదు. పరమాణువుల జతల మీద కూడిక కాబట్టి పెద్ద అణువులకి సహజంగానే మంచి అంకె వస్తుంది, తిరిగే బంధాలకి వేసే కోత దాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్లు (చక్కెర అంటుకున్న మొక్కల అణువులు) ప్రతి ప్రోటీన్ మీదా జాబితా పైకి ఎగబాకేది చాలావరకు ఇందుకే.

ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గాలించి వెతకాలన్న సెట్టింగ్) డిఫాల్టు 8, దాన్ని 32 చేయండి, సమయం దాదాపు నాలుగింతలవుతుంది. సీడ్ (యాదృచ్ఛిక వెతుకులాట మొదలయ్యే అంకె) ఇవ్వకపోతే ప్రతి పరుగుకీ కొంచెం తేడా వస్తుంది, కాబట్టి వేర్వేరు సీడ్లతో మూడుసార్లు నడిపి మొదటి పోజు మారుతోందేమో చూడండి. పాత ట్యుటోరియల్స్‌లోని లాగ్ ఆప్షన్ 1.2లో లేదు, ఎర్రర్ వస్తుంది. తెరమీది అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించుకోవాలి. పైథాన్ నుంచి పిలవాలంటే లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉండాలి, విండోస్ వాళ్లకి ఎగ్జిక్యూటబుల్ ఫైలే గతి. వేల లిగాండ్లున్న స్క్రీనింగ్‌కి గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆటోడాక్ జీపీయూ వైపు చూడండి. వినా పోజుల్ని ఇంకో లెక్కతో తిరిగి స్కోరు చేయాలంటే దీని నుంచే పుట్టిన నీనా (gnina) అనే ప్రోగ్రామ్ ఉంది, అదీ ఉచితమే.